రూపాయి కోసి రెండు పైసలిస్తే

కూడబలుక్కుని రైతు ధర కోసిన కంపెనీలు తర్వాత దానం చేస్తే చెల్లుకు చెల్లేనా? నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల లెక్కే తీసుకుందాం. ఎకరం గుంటలో 50 కౌంటు, అంటే కిలోకి 50 తూగే, ఒక్కోటి 20 గ్రాముల రొయ్య, రెండు టన్నులు పడిందనుకోండి. కొనేవాళ్లంతా కూడబలుక్కుని కిలోకి 10 రూపాయలు తగ్గిస్తే రైతుకు పోయేది 20,000. వేరే బేరం వచ్చేదాకా ఆగుదామంటే మేత ఖర్చు ఆగదు, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలితే గుంటే పోతుంది. ధరలో కోత పెట్టేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

ఇక దానం. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు పెట్టాలి. ఆ 20,000 మొత్తం లాభంగా మిగిలినా తిరిగొచ్చేది 400. ఆ డబ్బుతో మంచినీళ్ల ప్లాంటు పెడితే తాగేవాళ్లకు మేలే, కాదనను. కానీ నష్టపోయిన రైతుకు అది పరిహారం కాదు. ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చేదీ కంపెనీ బోర్డే.

అమెరికా చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ 1909లోనే పేగుల్లో చేరే కొంకిపురుగుల నిర్మూలనకు పది లక్షల డాలర్లిచ్చాడు. అయినా 1911లో అమెరికా సుప్రీంకోర్టు పోటీని అణిచినందుకు ఆయన కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ను విడగొట్టమంది, అది 34 కంపెనీలైంది. అదే సరైన పద్ధతి.

మన దగ్గర ఇలా పోటీని దెబ్బతీసే ఒప్పందాలను అడ్డుకునే కాంపిటీషన్ చట్టం 2002, సెక్షన్ 3 ఉంది. అందరూ ఒకే రేటు చెప్పారంటే సరిపోదు, కూడబలుక్కున్నట్టు ఆధారం కావాలి. అందుకే తేదీతో కౌంటు చీటీ, కాటా చీటీ, రేట్ల వాట్సాప్ మెసేజీలు పారేయకండి.