ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్న కథ: పదివేల డబ్బా, పచ్చ వైరు

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గెయిన్, అంటే లోపలికొచ్చే శబ్దం మోతాదు, పెంచుకుంటూ పోయాను. సగం, ముప్పావు, చివరిదాకా. వీధిలో కుక్క అరుపు తప్ప ఏమీ వినపడలేదు. రెండు నెలలుగా చెవిలో కాపురం పెట్టిన జోరీగ లేచిపోయింది. గిటార్ శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే డబ్బా, అదే ఆడియో ఇంటర్‌ఫేస్, అమ్మిన షాపు వాడి మీద కోపం ఇంకా వేడిగానే ఉంది కాబట్టి అది చల్లారకముందే రాసేస్తున్నా.

మాది మల్కాజిగిరిలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు. నేను గిటార్, మా బావమరిది బేస్. ఆదివారం పొద్దున్నే బేస్ భుజాన వేసుకుని వస్తాడు, మధ్యాహ్నం భోంచేసి పోతాడు. ఇన్నేళ్ళు వాయించిందంతా గాల్లో కలిసిపోయింది, ఇకనుంచైనా రికార్డ్ చేసుకుందాం అనుకున్నాం. బడ్జెట్ పదివేలు. ఆ అంకె మా ఆవిడ ఖరారు చేసింది, అప్పీలు లేదు.

అందరూ చేసే తప్పులు మేమూ చేశాం. గిటార్ పిన్నుకి కన్వర్టర్ తగిలించి లాప్‌టాప్ మైక్ జాక్‌లో గుచ్చితే ఇప్పుడు మీటిన తీగ కాసేపయ్యాక వినపడింది. ఆన్‌లైన్‌లో ఐదొందలకి యూఎస్‌బీ గిటార్ కేబుల్ తెప్పిస్తే అదీ అంతే. ఆ కేబుల్‌తో ఇప్పుడు మా పాప స్కిప్పింగ్ ఆడుతోంది, ఆ పనికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఇక ఇంటర్‌ఫేస్ ఎంపిక. రివ్యూలు చూడటం మొదలుపెడితే తల వాచిపోయింది. ఒకాయన ప్రీయాంప్‌లో, అంటే సన్నని సిగ్నల్‌ని పెంచే భాగంలో, తీయదనం ఉందంటాడు, ఇంకొకాయన శబ్దాన్ని సెకనుకి 1,92,000 సార్లు కొలవకపోతే, అంటే 192 కిలోహెర్ట్జ్ లేకపోతే బతుకు వ్యర్థం అంటాడు. మనం రికార్డ్ చేసేది సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుని, పక్క గదిలో కుక్కర్ కూస్తుండగా. ఇంట్లో గిటార్‌కీ బేస్‌కీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దండిగా చాలు. 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరు గుండానే పంపే కరెంటు, కండెన్సర్ మైకులకి, గిటార్‌కి దాంతో పనే లేదు. నేను అడిగినవి రెండే ప్రశ్నలు. ఒకటి, గిటార్‌ని నేరుగా గుచ్చగలిగే ఇన్‌పుట్లు ఎన్ని? రెండు, విండోస్‌కి ఆ కంపెనీ సొంత ఏసియో డ్రైవర్, అంటే శబ్దాన్ని ఆలస్యం లేకుండా చేరవేసే సాఫ్ట్‌వేర్, ఇస్తోందా?

మొదటి ప్రశ్న ఎందుకంటే, తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే మామూలు ప్యాసివ్ (బ్యాటరీ లేని) పికప్ చాలా బలహీనమైన ప్రాణి. కీబోర్డు, మిక్సర్ లాంటివి గుచ్చే లైన్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే అడ్డు, పదివేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది, పికప్‌ని దానికి కలిపితే పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోయి గిటార్ మీద దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ అయితే దాదాపు పది లక్షల ఓమ్‌లు, పికప్ ఊపిరి పీల్చుకుంటుంది. మేమిద్దరం ఒకేసారి వాయిస్తాం కాబట్టి ఇలాంటివి రెండు కావాలి. ఈ ఒక్క లెక్కతో సగం జాబితా ఎగిరిపోయింది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మంచి సరుకే, కానీ గిటార్‌కి ఒక్కటే జాక్, రెండోది మైకుది. ఆడియెంట్ ఈవో 4లోనూ ముందువైపు ఇన్‌స్ట్రుమెంట్ జాక్ ఒక్కటే. బెరింగర్ యూఎంసీ 22 చవక, అందులోనూ ఒక్కటే, పైగా విండోస్‌లో ఏసియో ఫర్ ఆల్ అనే అరువు డ్రైవర్‌తో నెట్టుకురావాలి. స్కార్లెట్ 2ఐ2, మోటూ ఎం2లో రెండేసి ఉన్నాయి గానీ ఆ ధర మా ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. మిగిలింది బెరింగర్ యూఎంసీ 202 హెచ్‌డీ. రెండు ఇన్‌పుట్లకీ ఇన్‌స్ట్రుమెంట్ బటన్, సొంత డ్రైవర్, యూఎస్‌బీ నుంచే కరెంటు. సికింద్రాబాద్‌లో ఒక షాపులో తొమ్మిది వేల చిల్లరకి తెచ్చుకున్నా. షాపు పేరు అనవసరం.

డ్రైవర్ వేయడం పది నిమిషాల పని. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, అదే దించుకున్నా. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసుకునే శబ్దం ముక్క, 128 శాంపిల్స్ దగ్గర పెడితే 48 కిలోహెర్ట్జ్‌లో ఆలస్యం మూడు మిల్లీ సెకన్లు కూడా కాదు, రానూపోనూ కలిపినా చెవికి తేడా తెలియలేదు. అదే 1024 పెట్టి చూడండి, ఒకవైపుకే 21 మిల్లీ సెకన్లు, బురదలో పరిగెత్తినట్టు ఉంటుంది. బేస్ మాత్రం రెండు రోజులు మొద్దుగా, మూతికి గుడ్డ కట్టినట్టు వినిపించింది. మావాడు తీగలు మార్చాలన్నాడు, నేను పికప్ పోయిందన్నా. చివరికి చూస్తే బటన్ లైన్ మీద ఉంది. ఇది ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా, ఇప్పుడు నేనే చెబుతున్నా.

ఇదంతా సుఖంగా గడిచిన భాగం.

మొదటి రోజు నుంచే వెనకాల ఒక హమ్ ఉంది. 'మ్‌మ్‌మ్' అని, పాత ఫ్రిజ్ మూలిగినట్టు. కొత్తలో పట్టించుకోలేదు. గిటార్ మీద డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టగానే అది పదింతలైంది, తీగల మీద చెయ్యి వేస్తే ఒకలా, తీస్తే ఒకలా. ఈక్యూలో, అంటే స్వరస్థాయిల్ని విడివిడిగా పెంచి తగ్గించే చోట, 50 హెర్ట్జ్ దగ్గర కోసేద్దామంటే బేస్‌కి దెబ్బ. బేస్ లావు తీగ మూడో ఫ్రెట్ మీద 'జి' స్వరం 49 హెర్ట్జ్, మన కరెంటు 50. హమ్‌ని కోస్తే ఆ జి కూడా చిక్కిపోతోంది. మావాడు ట్యూనర్ పెట్టి చూసి, “బావా, మీ ఇంట్లో కరెంటు జి లో పాడుతోంది, కొంచెం షార్ప్‌గా” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కేబుళ్ళు మార్చాను. ఇంకో యూఎస్‌బీ పోర్టు చూశాను. ఫోన్ దూరంగా పెట్టాను. ట్యూబ్‌లైట్ ఆపి చీకట్లో కూర్చుని వాయించాను, మా ఆవిడ తలుపు తీసి చూసి ఏమీ అనకుండా వేసేసింది. ఒక్కటి చెప్పాలి, నేను పదిహేనేళ్ళుగా ఐటీ సపోర్ట్‌లో ఉన్నా, మా బంధువుల్లో నేను బాగుచేయని ప్రింటర్ లేదు. అలాంటి నాకు ఈ డబ్బా లొంగలేదు. పీస్‌లోనే లోపం అని తీర్మానించుకుని షాపుకి పట్టుకెళ్ళా.

మొదటిసారి డబ్బా, గిటార్ తీసుకెళ్ళా. వాళ్ళ కంప్యూటర్‌కి కలిపారు. హమ్ లేదు. “గెయిన్ ఫుల్ పెట్టిన్రేమో సార్” అని పంపించారు. ఇంటికొచ్చి కలిపితే మళ్ళీ ఉంది. రెండోసారి పట్టుదలగా నా లాప్‌టాప్ కూడా మోసుకెళ్ళా, శనివారం సాయంత్రం, షాపు కిటకిటలాడుతోంది. “ఇది నా సిస్టమ్, ఇప్పుడు వినండి” అని కౌంటర్ మీద అంతా పరిచి, వాళ్ళ స్పీకర్లకి కలిపి, వాల్యూమ్ పెంచమన్నా. శుభ్రంగా ఉంది, పెళ్ళికూతురు ముఖంలా. నేను గిటార్‌ని అటు తిప్పి ఇటు తిప్పి, జాక్ పీకి పెట్టి, “ఉండండి, వస్తుంది, ఇప్పుడొస్తుంది” అంటున్నా. రాలేదు. వెనకాల పది మంది. ఓనరు గల్లా దగ్గర నుంచే, అందరికీ వినపడేలా, “సార్, డబ్బా మంచిగనే ఉంది, ముందుగాల చెవులు చూపియ్యండి” అన్నాడు. అందరూ నవ్వారు. అంతటితో ఆగినా బాగుండేది. పక్కనున్న కాలేజీ కుర్రాడు “అంకుల్, ఒకసారి” అని నా గిటార్ నా చేతిలోంచి తీసుకుని, నేను మూడేళ్ళుగా సాధన చేస్తున్న ముక్కని అరనిమిషంలో గడగడా వాయించి, “సౌండ్ సూపర్ ఉంది అంకుల్” అని తిరిగిచ్చాడు. నాకు నలభై రెండు. అంకుల్ అన్నందుకు బాధ లేదు. ఆ 'సూపర్ ఉంది' మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మూడోసారి ఇంట్లో హమ్‌ని ఫోన్‌లో వీడియో తీసి వాట్సాప్ చేశా. “ఫ్యాన్ సౌండ్ సార్” అని జవాబు, పక్కన చేతులు జోడించిన బొమ్మ. వస్తువు అమ్మేవాడికి కారణం తెలియకపోవచ్చు, అది తప్పు కాదు. ఇంట్లో ఏ సాకెట్లో పెడుతున్నారు, చార్జర్ ఏంటి అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి. మన దగ్గర కౌంటర్ అవతల నిలబడగానే మనిషికి అడిగే అలవాటు పోతుంది.

కారణం దొరికింది కరెంటు పోవడం వల్ల. ఒక ఆదివారం రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, డబ్బా యూఎస్‌బీ మీద, రికార్డింగ్ ఆగలేదు. తర్వాత స్క్రీన్ మీద చూస్తే గీత వెడల్పుగా, గొంగళిపురుగులా వచ్చి వచ్చి, ఒకచోట కత్తిరించినట్టు సన్నని దారం అయిపోయింది. కరెంటు పోయిన క్షణం. వచ్చాక ఒక్కొక్కటే ఆపుతూ వెళ్ళాం. ఫ్యాన్ కాదు, లైటు కాదు. లాప్‌టాప్ చార్జర్ పీకగానే జోరీగ చచ్చింది. పెడితే లేచింది. షాపుకి ఆ రోజు చార్జర్ తీసుకెళ్ళలేదు నేను!

అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి, “ఏమండీ, ఆ లాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమంటోందని సంక్రాంతికే చెప్పాను కదా” అంది. చెప్పింది. నీ చేతులు తడిగా ఉన్నాయని నేనే కొట్టిపారేశా.

సంగతేంటంటే, మూడు పిన్నుల చార్జర్లలో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్త్ పిన్నుకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటిలోంచి కారే కాస్త కరెంటు ఎర్త్ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే పోయే దారి లేక లాప్‌టాప్ బాడీ మీద ఇంటికొచ్చే 230 వోల్టుల్లో సగం దాకా, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. అదే యూఎస్‌బీ వైరు గుండా డబ్బాలోకి, అక్కడి నుంచి గిటార్ తీగల దాకా పాకుతుంది.

ఎలక్ట్రీషియన్ని పిలిచా. హోల్డర్లో బల్బు పెట్టి ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ కలిపితే వెలిగింది, ఫేజ్‌కీ ఎర్త్‌కీ కలిపితే వెలగలేదు. బోర్డు విప్పి చూపించాడు. పై రంధ్రానికి వైరే లేదు. “న్యూట్రల్ నుంచి లూప్ కొట్టేస్తా అన్నా, యాభై ఇవ్వు” అన్నాడు. అంటే న్యూట్రల్ వైరునే ఎర్త్ రంధ్రానికి కలిపేయడం. దయచేసి ఇది ఎవరూ చేయించుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే లాప్‌టాప్ బాడీకీ గిటార్ తీగలకీ నేరుగా 230 వోల్టులు వస్తాయి. ఆన్‌లైన్‌లో కొందరు హమ్ పోవడానికి ఎర్త్ పిన్ను విరిచేయమని కూడా సలహా ఇస్తారు, ముందు వాళ్ళనే అలా చేసి వాళ్ళ గిటార్ వాయించుకోమనండి.

మా ఇంటి ఓనరు అంకుల్‌ని అడిగితే, “ఇరవై ఏళ్ళల్ల ఎవ్వరికీ రాని ప్రాబ్లం మీకే వచ్చిందా?” అన్నారు. ఇంకో ఎలక్ట్రీషియన్ దొరికాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. బాత్రూంలో గీజర్ పాయింటుకి మాత్రం ఎర్త్ ఉందని కనిపెట్టి, అక్కడి నుంచి పచ్చ వైరు లాగాడు. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే నాలుగు బకెట్లు నీళ్ళు పోయించాడు. వైరుతో కలిపి తొమ్మిది వందలు. బల్బు వెలిగింది.

మీకూ హమ్ ఉంటే ముందు చార్జర్ పీకి చూడండి, ఏ షాపుకీ వెళ్ళకముందు. దాంతో హమ్ పోతే ఎర్త్ చూపించుకోండి. చార్జర్ తీసినా ఉండి, గిటార్‌ని అటూఇటూ తిప్పితే పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ గాలిలోంచి పట్టేది, దానికి ఎర్త్ ఏమీ చేయలేదు. మీ బేస్ యాక్టివ్ అయితే వాయించాక జాక్ తీసేయండి, ఉంచితే లోపలి 9 వోల్టుల బ్యాటరీ వాయించకపోయినా ఖర్చవుతూనే ఉంటుంది. ఇది మావాడి నష్టం, నాది కాదు.

మొన్న ఓనరు అంకుల్ కింది పోర్షన్‌కి అదే ఎలక్ట్రీషియన్ని పిలిపించుకున్నారు. ఆంటీకి వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే షాక్ కొడుతోందట, చాలా రోజుల నుంచి. నా తొమ్మిది వందల సంగతి మాత్రం ఇంకా ఎత్తలేదు.