పార్కు పని మీటింగులో తేలాలంటే

బెంగళూరులో పార్కు గురించి అర్జీ పెట్టే ముందు అది ఎవరిదో తేల్చుకోండి. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు రాష్ట్ర ఉద్యానవన శాఖవి. మన లేఔట్లలో ఉండే చిన్న పార్కులు చాలావరకు నగరపాలికవి. 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ (నగరమంతటికీ ఒకటిగా ఉన్న పాత నగరపాలిక) పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి పాత అర్జీ మీది చిరునామానే మళ్లీ రాసేయకండి.

నగరపాలిక పార్కు సంగతి వార్డు కమిటీలో, అంటే మీ వార్డు పనులు చర్చించే కమిటీలో, పెట్టాలి. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో ఈ కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెబుతుంది. 2020 సెప్టెంబర్‌లో బీబీఎంపీ కౌన్సిల్ (ఎన్నికైన కార్పొరేటర్ల సభ) గడువు తీరి, ఎన్నికలు జరక్కపోవడంతో కమిటీ మీటింగులు నడిపే పని నోడల్ అధికారుల (వార్డు బాధ్యత అప్పగించిన అధికారుల) మీద పడింది. అధికారి బదిలీ అయితే నోటిమాటగా ఒప్పుకున్నవన్నీ గాలికిపోతాయి. కాగితం మీద ఎక్కినదే మిగులుతుంది.

ఎజెండాకి ఇచ్చే కాగితంలో "పార్కు బాగుచేయాలి" అని రాస్తే ఎవరికీ పట్టదు. ఇలా రాయండి: "తూర్పు గేటు నుంచి మూడో దీపస్తంభం. అడుగున మూత ఊడి వైర్లు బయటికొచ్చాయి. పిల్లల ఉయ్యాల ఆరడుగుల దూరంలో ఉంది." కింద తేదీ, పక్కన ఫొటో. ఒక కాగితంలో ఒక్క సమస్యే ఉండాలి. మొక్కలు చూసేవాళ్లు వేరు, కరెంటు వేరు, సివిల్ పని వేరు. చెట్టు కొట్టాలంటే 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. నాలుగూ కలిపి రాసిన అర్జీ "మాది కాదు" అనిపించుకుంటూ టేబుళ్ల చుట్టూ తిరుగుతుంది. మొక్కలకు నీళ్లు అడిగేటప్పుడు శుద్ధిచేసిన నీళ్లే అడగండి; 2024 మార్చిలో బెంగళూరు జలమండలి (నగరానికి నీళ్లు ఇచ్చే సంస్థ) తోటలకు తాగునీరు వాడొద్దని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆదేశించింది.

మీటింగులో ముందు హాజరు సంతకాలు, తర్వాత పోయినసారి మినిట్స్ (మీటింగులో జరిగినది, ఒప్పుకున్నది రాసిన రికార్డు) చదవడం, ఆ తర్వాతే కొత్త విషయాలు. టైం లేదని మినిట్స్ చదవకుండా దాటేయనివ్వకండి. పోయిన నెల ఒప్పుకున్న పని ఎందుకు ఆగిందో అడిగే వీలు అక్కడే ఉంది. తీర్మానంలో ఏ పని, ఎవరు, ఏ తేదీలోగా అన్న మూడూ ఉండాలి. "పరిశీలిస్తాం" అని రాస్తుంటే లేచి, తేదీ వేయమని మర్యాదగా పట్టుబట్టండి.

మినిట్స్ (కన్నడలో నడావళి) ఇవ్వకపోతే సమాచార హక్కు అర్జీ పెట్టాలి. పది రూపాయల ఫీజు, జవాబుకి 30 రోజులు. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒకే విషయం, 150 మాటలకు మించకూడదు. తెలుగులో కాదు, కన్నడలోనో ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. "పని ఎందుకు చేయలేదు" అని అడక్కండి, ఈ చట్టం కింద ఇచ్చేది రికార్డులే. వార్డు నంబరు, మీటింగు తేదీ వేసి, "హాజరు పట్టిక, మినిట్స్ నకలు ఇవ్వగలరు" అని రాస్తే చాలు.