తక్‌పట్టీలో మాయమైన ఏడు

పొద్దున మిర్చి మార్కెట్ల జెండా పాట, అంటే ధర తేల్చే వేలం, అయ్యి కాంటాలు మొదలయ్యాయి. తక్‌పట్టీ, అంటే తూకం చీటీ, రాస్తుంటే 47 కిలోల్లో 7 కనపడలేదు. నాలుగు ఉంది, పక్కన జాగా ఉంది, ఏడు లేదు. మిర్చి ఘాటేమోనని మొహం కడుక్కొచ్చాను. అప్పటికే ఆ జాగా చుట్టూ రంపం పళ్లలాంటి గీత, పాడైపోయే ట్యూబ్‌లైటు లాగా కొట్టుకుంటోంది. ఎడమ కన్ను మూసినా ఉంది, కుడి కన్ను మూసినా ఉంది. రెండూ మూసినా పోలేదు.

పోయిన నెల ఇట్లాగే అయితే పక్షవాతమే అనుకొని హనుమకొండలో డాక్టరు దగ్గరికి ఉరికాం. మైగ్రేన్ అట. నొప్పికి ముందు వచ్చే ఈ మెరుపుల్ని ఆరా అంటారట. తేడా కంట్లో కాదు, మెదడులో. మామూలుగా గంటలోపు దానంతటదే పోతుందట. మాట తడబడినా, చెయ్యి పడిపోయినా మాత్రం ఆగకుండా రమ్మన్నారు.

తర్వాత అసలు సంగతికి వచ్చారు. "నెలకు ఎన్ని రోజులు గోలీలు వేసుకుంటవ్?"

"ఎప్పుడో ఒకటి సార్."

పక్కన మా ఆవిడ ఊరుకుంటుందా! "ఎప్పుడో ఏంది సార్? అంగి ఉతికినప్పుడల్లా జేబుల ఖాళీ షీటే."

లెక్క తీస్తే పద్దెనిమిది రోజులు తేలింది. మామూలు నొప్పి గోలీలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన గోలీలైతే 10 రోజులు, అట్లా మూడు నెలలు దాటితే ఆ గోలీలే తలనొప్పి తెస్తాయట. ఊళ్లో అందరి బస్తాలు లెక్కబెట్టేవాణ్ణి, నా జేబు లెక్క నాకు తెలియలేదు. పరగడుపున చాయ్‌తో డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీ వేసుకుంటానంటే ఆయన పెన్ను కింద పెట్టేశారు. కడుపులో రక్తం కారుతోందేమోనని, దొడ్డికి నల్లగా వస్తోందా అని రెండుసార్లు అడిగారు. రాలేదు గానీ, కడుపులో మంట ఉంది. కిడ్నీ పరీక్ష కూడా రాశారు.

గోలీలు మానేసి ఇవాళ్టికి ఆరో రోజు. మొదట్లో నొప్పి పెరుగుతుందని ముందే చెప్పారు, పెరిగింది. గీత ఇరవై నిమిషాల్లో పోయింది, ఎడమ కణత అందుకుంది. హమాలీల కేకలు ఒక్కోటి లోపల గుచ్చుకున్నాయి. సేటుకు చెప్పి మధ్యాహ్నమే వచ్చేశాను. మెడికల్ షాపు అన్న నన్ను చూడగానే అలవాటుగా డబ్బా మీద చెయ్యి వేశాడు. చెయ్యి ఊపి ముందుకు నడిచాను.

రాత్రి ఎనిమిదికి కరెంటు పోయింది. వాడకట్టంతా తిడుతోంది. నాకైతే మంచిగనే ఉంది.