పేరు కొట్టేసినంత మాత్రాన

పోయిన వేసవిలో అమ్మకు షుగరు పరీక్ష చేయించడానికి గుంటూరులోని ఒక ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, జన్యు పరిశోధన కోసం ఇంకో గొట్టం రక్తం ఇస్తారా అని అడిగి, నాలుగు పేజీల ఇంగ్లీషు అంగీకార పత్రం ఆమె చేతిలో పెట్టారు. "మీ పేరు ఎక్కడా ఉండదమ్మా, నంబరు ఒక్కటే ఉంటుంది" అని అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. సంతకం పెట్టే ముందు, దానికి జతచేసిన కాగితాన్ని నేను చదివాను. పేరు రాసే గడి లేదన్నది నిజమే. వయసు, కులం, స్వగ్రామం, తల్లిదండ్రులది మేనరికమా కాదా అన్న గడులు మాత్రం ఉన్నాయి. మాది చిన్న ఊరు. ఆ నాలుగు వివరాలకూ సరిపోయే మనిషి అక్కడ అమ్మ ఒక్కతే.

పేరు తీసేస్తే గోప్యత దక్కినట్టేనన్న నమ్మకం ఎంత బలహీనమైనదో 2013లోనే తేలిపోయింది. మన ఇంటిపేరులాగే వై క్రోమోజోము కూడా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అమెరికాలో వైట్‌హెడ్ సంస్థ పరిశోధకులు, పేర్లు లేకుండా బహిరంగంగా ఉంచిన జన్యు సమాచారంలోని వై క్రోమోజోము గుర్తులను వంశవృక్షాల వెబ్‌సైట్లతో పోల్చి ఇంటిపేర్లు ఊహించి, వయసు, రాష్ట్రం కలిపి చూసి, దాదాపు 50 మందిని గుర్తుపట్టగలిగారు. ఇంటిపేరు వినగానే ఏ ఊరివాళ్ళో, ఎవరి తాలూకో చెప్పేసే పెద్దలున్న మన జిల్లాల్లో ఆ పని ఇంకెంత సులువో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బంధువుల సంగతి. 2018లో కాలిఫోర్నియా పోలీసులు ఒక పాత హంతకుణ్ణి పట్టుకున్నది అతను ఇచ్చిన నమూనాతో కాదు; దూరపు బంధువులు తమ వంశం తెలుసుకోవాలని ఒక వెబ్‌సైటులో పెట్టుకున్న జన్యు వివరాలతో. హంతకుడు దొరకడం మంచిదే. కానీ ఒకరు ఇచ్చిన రక్తం, అడగని వాళ్ళందరి గురించీ మాట్లాడుతుందని ఆ కేసు చూపించింది. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడి. వాళ్ళిద్దరికీ పెళ్ళిచేసే ఆచారమున్న కుటుంబాల్లో ఒకరి నమూనా ఎంతమంది గుట్టు విప్పుతుందో ఆలోచించండి.

అలాగని పరిశోధన వద్దనడం లేదు. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము లోపం ఉంటుంది. ఆపరేషనులో కండరాలు సడలడానికి వాడే సక్సినైల్ కోలిన్ ప్రభావం వాళ్ళకు త్వరగా తగ్గక, ఊపిరి తిరిగి అందడం ఆలస్యమవుతుంది. తరతరాలుగా పెళ్ళిళ్ళు కులంలోనే జరగడం దీనికి కారణమని జన్యు అధ్యయనాలు తేల్చాయి. ఇది తెలిసిన మత్తు డాక్టరు ముందే జాగ్రత్తపడతారు. అదే వివరం బీమా కంపెనీ చేతిలో పడితే, లోపం లేనివాళ్ళ మీదా కులమంతటికీ కలిపి ముద్ర పడవచ్చు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జన్యు సమాచారాన్ని ప్రత్యేకమైనదిగా విడదీయలేదు, పైగా నిర్దేశించిన ప్రమాణాలు పాటించే పరిశోధనలకు మినహాయింపు కూడా ఇచ్చింది. కాబట్టి భారం ఆ ప్రమాణాల మీదే పడుతుంది. నా మటుకు, సమాచారాన్ని పరిశోధకుడికి పంపడం కంటే, సమాచారం ఉన్న చోటికే పరిశోధకుణ్ణి రప్పించి, విశ్లేషణ అక్కడే చేయించి, ఫలితాన్ని మాత్రమే బయటికి వదలడం మేలనిపిస్తుంది. ఆ ఫలితాలనూ సరిచూసే వదలాలి. ఎందుకంటే మొత్తం గుంపు సగటు లెక్కల నుంచి కూడా ఫలానా మనిషి ఆ గుంపులో ఉన్నాడో లేదో చెప్పవచ్చని 2008లో రుజువైంది.

ఆ రోజు ఊరి పేరు బదులు జిల్లా పేరు రాయవచ్చా అని అడిగాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి డాక్టరుగారిని అడిగి వచ్చి, సరేనంది. తెలుగు పత్రం మాత్రం లేదు. నేనే కుర్చీలో కూర్చుని నాలుగు పేజీలూ అమ్మకు తెలుగులో చెప్పాను. అంతా విని, "అయితే మీ మామయ్యనీ అడగాలిగదరా" అని, సంచిలోంచి ఫోను తీసి తెనాలికి కలపమంది.