ఆరు కాళ్ళు

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు మాత్రం ఆ ఎర్ర ఇంకు గీత కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

ఇవాళ మా జువాలజీ ప్రాక్టికల్స్ అయిపోయాయి. మా పర్లాకిమిడి పిల్ల (అదే, నా స్టూడెంటు, రోజూ మహేంద్రతనయ ఏరు దాటి సైకిల్ మీద పాతపట్నం వచ్చే పిల్ల) తన రికార్డులో ఆల్చిప్ప బొమ్మ వేసి, మొప్పల దగ్గర చిన్న గుండ్రటి జీవిని గీసి మైట్ అని రాసుకుంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చూసి, "సిలబస్‌లో లేని పురుగుల్ని ఎందుకు గీశావమ్మా" అని బొమ్మ మీద అడ్డంగా ఒక గీత గీసేసి రెండు మార్కులు తగ్గించారు. పిల్ల ఏమీ అనలేదు, చేతిలో పెన్సిల్‌ని తిప్పుతూ నిలబడింది. పక్కనే ఉన్న నేనూ ఏమీ అనలేదు, అదే నన్ను తినేస్తోంది.

అది పురుగు కాదండీ! సాలీళ్ళ చుట్టం. కాకపోతే సాలీడుకి ఉన్నట్టు నడుము ఉండదు, తలా ఒళ్ళూ అంతా కలిసిపోయి ఒక్క ముద్దలా ఉంటుంది, పెద్దది కూడా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అంతే. ఆల్చిప్పల్లో ఉండేవాటిలో ముఖ్యమైన ప్రజాతి (జీనస్) పేరు యూనియోనికోలా, 1842లో హాల్డెమన్ అనే శాస్త్రవేత్త పెట్టాడు, యూనియో అనే ఆల్చిప్పలో కాపురం ఉండేది అని అర్థం. దాన్ని గుర్తుపట్టడం ఏమన్నా తేలికా? నోటి పక్కన అయిదు కణుపుల పాల్ప్‌లు (తడిమి చూసే బుల్లి అవయవాలు) చూడాలి, కాళ్ళ చివర గోళ్ళు చీలి ఉన్నాయా లేదా చూడాలి, పొట్ట కింద జననరంధ్రం పక్కన పలకల మీద గిన్నెల్లాంటి అసిటాబులాలు ఎన్ని ఉన్నాయో, ఎలా పేర్చి ఉన్నాయో లెక్కపెట్టాలి, అదీ వెల్లకిలా తిప్పి. ఆల్కహాల్‌లో వేస్తే బిగుసుకుపోయి కాళ్ళు ముడుచుకుంటాయి, తిప్పబోతే విరుగుతాయి, అందుకే గ్లిజరిన్, ఎసిటిక్ యాసిడ్, నీళ్ళు కలిపిన దాంట్లో వేసి మెత్తగా ఉంచుతారు. పోయినేడాది నేను ఆల్కహాల్‌లో వేసి ఒక సీసా మొత్తం పాడుచేసుకున్నాక తెలిసింది. ఇంత కష్టం ఉంది ఆ ఒక్క చుక్క వెనక, ఒక్క గీతతో పోయింది!

ఆల్చిప్ప అంటే మా నానమ్మే గుర్తొస్తుంది ఎప్పుడూ. ఎండాకాలం వంశధార ఎండిపోయి ఇసుక తేలాక, మడుగుల్లో దొరికే ఆల్చిప్పలు ఏరుకొచ్చేది. ఎండబెట్టి, చిప్ప వీపుని అరుగు రాయి మీద నీళ్ళు చిలకరిస్తూ అరగదీసేది, గరగరమని చప్పుడు, మధ్యలో చిన్న కన్నం పడేదాకా. ఆ కన్నం అంచుతో మామిడికాయ మీద లాగితే చెక్కు పల్చగా చుట్టలు చుట్టలుగా ఊడొచ్చేది, కత్తిపీటకి కూడా అంత పల్చగా రాదు. ఆవకాయ రోజుల్లో నన్ను పక్కన కూచోబెట్టుకుని "ఓలమ్మీ, సెయ్యి తెగుద్ది, మెల్లిగా" అనేది. ఒకసారి పచ్చి ఆల్చిప్ప తెరిచి లోపల కడుగుతుంటే, ముత్యంలా మెరిసే గోడ మీద నల్లటి చుక్కలు గబగబా నడిచాయి. ఏటివి నానమ్మా అంటే, "దాని పిల్లలే" అంది. నేను చాలా ఏళ్ళు అవి ఆల్చిప్ప పిల్లలే అనుకున్నాను. తర్వాత చదువుకున్నాక తెలిసింది, ఆల్చిప్ప పిల్లలు వేరే, గ్లోకీడియా, తల్లి మొప్పల్లోనే పెరుగుతాయి, రెండు బుల్లి చిప్పలుంటాయి, కాళ్ళుండవు. నానమ్మ మాట పూర్తిగా తప్పు కాదు అనిపిస్తుంది, ఆ మొప్పల్లో ఆల్చిప్పవీ మైట్‌లవీ రెండు రకాల పిల్లలూ పెరిగేవి కదా.

ఎగ్జామినర్‌ని తిడదామనే మొదలుపెట్టాను ఇది రాయడం. రాస్తూ రాస్తూ ఇక్కడికొచ్చేసరికి అసలు సంగతి అది కాదని తెలుస్తోంది.

పోయిన వారం ఆ పిల్ల మొదట గీసినప్పుడు ఆరు కాళ్ళే వేసింది. నేనే, "మైట్ అంటే ఎనిమిది కాళ్ళు, మళ్ళీ లెక్కపెట్టు" అన్నాను. "ఆరే ఉన్నాయి మేడమ్, మూడు సార్లు చూశాను" అంది మెల్లిగా. నేను రెండోసారి మైక్రోస్కోప్‌లో చూడకుండానే సరిదిద్దమన్నాను. రబ్బరుతో చెరిపి చెరిపి అక్కడ కాగితం పల్చబడింది, అతికించినట్టు ఇంకో జత కాళ్ళు పెట్టింది. ఇవాళ ఎర్ర గీత పడింది ఆ పల్చబడ్డ చోటే, పెన్ను మొనకి కొంచెం చిరిగింది కూడా.

రాత్రి భోజనాలయ్యాక గ్లిజరిన్‌లో దాచిన ఆ మొప్ప ముక్కే తీసి, సూదులతో విడదీసి, ఇంట్లో ఉన్న పాత మైక్రోస్కోప్‌లో పెట్టాను. ఆరు. కచ్చితంగా ఆరు. లార్వా అది, అంటే మైట్ పిల్ల దశ, ఆడది మొప్ప పొరలో గుడ్లు పెడుతుంది, పొదిగినవి ఆరు కాళ్ళతో బయటికొస్తాయి. చాలా జాతుల్లో లార్వాలు ఆల్చిప్పని వదిలి నీటిలోంచి ఎగిరే చిన్న పురుగుల్ని, కైరోనమిడ్‌లని, అంటిపెట్టుకుని ఊరేగి, తిరిగొచ్చి ఆల్చిప్పలో దూరాకే ఎనిమిది కాళ్ళవుతాయి. ఇప్పుడు నా ట్యూబ్‌లైట్ చుట్టూ ముసురుతున్నవి కూడా అలాంటివే, దోమల్లా ఉంటాయి కానీ కుట్టవు. వాటిలో ఏదన్నా ఒకటి మహేంద్రతనయ నుంచి ఒక లార్వాని మోసుకొచ్చిందేమో అని లైటు ఆపబుద్ధి కావట్లేదు.

తిరిగి రావడం ఎలాగా అంటే, 1930లో వెల్ష్ అనే ఆయన చూశాడు, ఆల్చిప్పలో ఉండే మైట్‌లు మామూలు నీళ్ళలో వెలుతురు వైపుకి ఈదుతాయి, అదే ఆల్చిప్ప ఉన్న నీళ్ళు కలిపితే వెలుతురుకి వీపు తిప్పి చీకట్లోకి పోతాయి. ఇల్లు ఎక్కడుందో నీళ్ళే చెప్తాయన్నమాట. ఆ పిల్లతో ఇది చేయించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

ఐపీస్‌కి ఫోన్ ఆనించి ఫోటో తీశాను, చేతులు వణికి నాలుగోసారికి వచ్చింది. పిల్లకి పంపించి, "నువ్వే కరెక్ట్, నేను చూడకుండా చెప్పాను, సారీ అమ్మా" అని రాశాను. ఇంకా చూడలేదు, పడుకుని ఉంటుంది. మార్కుల గురించి పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తాను, కాగితం మీద రాసి ఇస్తాను, ఈసారి నోరు మూసుకోను.

పెరట్లో బకెట్లో మిగిలిన అయిదు ఆల్చిప్పల్నీ అత్తయ్య లేచేలోపు ఏట్లో వదిలి రావాలి. ఇందాక టార్చ్ వేసి చూస్తే ఒకటి కొంచెం నోరు తెరిచి నీళ్ళు పీలుస్తోంది, అంచు దగ్గర ఒక చుక్క కదిలి లోపలికి పోయింది.