నిమ్మకాయ నీళ్లు చాలన్నాను

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో గుమస్తాని. మందు మానేసి తొమ్మిదేళ్లయింది. చుట్టుపక్కల ఊళ్లలో నా ఉద్యోగం కంటే ఈ రెండో సంగతే ఎక్కువమందికి తెలుసు. అందుకే తెల్లారకుండానే ఎవరో ఒకావిడ గుమ్మంలో నిలబడి "అన్నయ్యగారండీ, ఒక్కసారి మా ఆయనతో మాట్లాడరా" అంటుంది. వెళ్తాను. డబ్బులు తీసుకోను, టీ మాత్రం తాగుతాను.

నాలుగేళ్ల కిందట అలాగే ఓ ఇంటికి వెళ్లాను. అతనిది కాయ ఒలుపు పని. రోజుకి మూడు క్వార్టర్లు. పొద్దున్నే ఓ గుక్క పడితే గానీ చేతులు నిలవవు. పాతిన గునపం మీద కాయ పొడవాలంటే చెయ్యి నిలవాలి కదండీ! భార్య ఏడుస్తుంటే పెద్దమనిషిలా చెప్పాను. "గదిలో పెట్టి గడియ వెయ్యమ్మా. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు ఇస్తూ ఉండు. మూడు రోజులు ఓర్చుకుంటే దారిలో పడతాడు. నేనూ అలాగే మానేశాను."

రెండో రాత్రి అతనికి ఫిట్స్ వచ్చాయి. గడియ తీసేసరికి నాలుక కొరికేసుకున్నాడు, మంచం కోడుకి తల కొట్టుకుని దుప్పటంతా నెత్తురు. 108లో అమలాపురం తీసుకెళ్లాం. బతికాడు.

డాక్టరుగారు అంతా విని, "ఇది ఎక్కడ నేర్చుకున్నారండీ మీరు?" అని అడిగారు. కోప్పడినా బాగుండేది. తర్వాత ఆయనే కూర్చోబెట్టి చెప్పారు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయట. ఆ తర్వాత కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదకీ రావచ్చు. మాత్రలతో మెల్లగా దించాలి, బి1 విటమిన్ ఎక్కించాలి. నాకు ఫిట్స్ రాకపోవడం నా అదృష్టం. ఆ అదృష్టాన్నే వైద్యం అనుకుని అన్నాళ్లూ ఊళ్లో పంచిపెట్టాను.

ఈ సంగతి అమెరికాలో ఉన్న మా మేనకోడలికి చెబితే, "అక్కడ నీలాంటివాళ్లకి జీతం ఇస్తారు మావయ్యా" అంది. వాళ్లు పీర్ సపోర్ట్ అంటారట. మానసిక జబ్బు నుంచి కోలుకున్నవాళ్లు తోటివాళ్లకి చేసే సాయానికి జార్జియా రాష్ట్రం 1999లోనే మెడికెయిడ్ డబ్బు, అంటే పేదల వైద్యానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే బీమా డబ్బు, ఇవ్వడం మొదలుపెట్టింది. 2007లో అక్కడి కేంద్రం రాష్ట్రాలకి లేఖ రాసింది. ఈ డబ్బు కావాలంటే పైన అర్హత ఉన్నవాళ్ల పర్యవేక్షణ ఉండాలి, మిగతా చికిత్సతో కలిసి నడవాలి, శిక్షణా సర్టిఫికెట్టూ ఉండాలి అని. సర్టిఫికెట్ నిబంధనలు రాష్ట్రానికో రకం. వాటన్నిటికీ ఓ నమూనా ఉండాలని 2023లో సాంసా అనే ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసింది. 40 నుంచి 60 గంటల శిక్షణ, మరో 120 గంటలు ఒకరి కనుసన్నల్లో పని. ఈ పనికి ముఖ్యమైన అర్హత ఒకప్పుడు ఆ బురదలో దిగి బయటపడి ఉండటమేనట. ఆ ఒక్క పేపర్లో మనకి ఫస్టుక్లాసు ఖాయం!

మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మందు, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలూ మానసిక వ్యాధి కిందకే వస్తాయి. కాబట్టి వాటికి మనుషుల్ని ఉంచి చికిత్స చేసే డీఅడిక్షన్ సెంటర్ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టర్ కావాలి. లేకుండా నడిపితే మొదటి తప్పుకి 5,000 నుంచి 50,000 దాకా జరిమానా. రోగిని గొలుసుతో కట్టెయ్యడం నిషేధం. మంచిదే. కేంద్రం గ్రాంటుతో నడిచే పునరావాస కేంద్రాల్లో మానేసినవాళ్లకి పీర్ ఎడ్యుకేటర్ అని ఓ పోస్టు కూడా ఉంది. కానీ ఆ గోడల బయట, ఇంటి అరుగు మీద కూర్చుని "గడియ వెయ్యమ్మా" అని చెప్పేవాణ్ణి ఎవరు ఆపుతారు? బియ్యం అమ్మే కొట్టుకి లైసెన్స్ ఉంది, నా నోటికి లేదు.

ఒకప్పుడు సర్టిఫికెట్ కాగితం అంటే నాకు వెటకారం. ఇప్పుడు కావాలంటున్నాను. అయితే అందులో ఓ చిక్కుంది. ఆ ఒలుపు మనిషి ఇప్పుడు మూడున్నరేళ్లుగా ముట్టలేదు. నాతో పాటు ఇళ్లకి వస్తాడు, నిజం చెప్పాలంటే నాకంటే బాగా మాట్లాడతాడు. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. సంతకం తప్ప పెద్దగా రాయలేడు. ఇక నా మీదేమో ఓ సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర తాగి కొట్టుకున్న పాత కేసు ఉంది. రాతపరీక్ష, పోలీసు వెరిఫికేషన్ పెట్టారంటే ఇద్దరం ఇంటికే. ఆ సాంసా నమూనా కూడా పాత కేసుల్ని అడ్డుగోడ చెయ్యొద్దనే అంటోంది. ఇక్కడ ఎప్పుడైనా పెడితే పరీక్ష తెలుగులో, నోటితో పెట్టాలి.

అప్పటిదాకా డాక్టరుగారు రాసిచ్చిన నాలుగు ప్రశ్నలే మా సిలబస్. ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, ఎన్నేళ్ల నుంచి, ఎంత, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా. నేను నోటుబుక్కు తీసి చూసుకుంటాను. అతను బట్టీ పట్టేశాడు.

మొన్న పి.గన్నవరంలో ఓ ఇంటికి వెళ్లాం. నేను చెప్పులు విప్పుతుండగానే అతను అడిగాడు.

"ఆఖరిసారి ఎప్పుడమ్మా?"

"నిన్న మధ్యాహ్నం అండి. ఇంక ముట్టనని ఒట్టేశారు." ఆవిడ మొహం వెలిగిపోతోంది.

లోపల మంచం మీద ఆయన చేతిలో గ్లాసు టకటకా వణుకుతోంది.

"ఒట్టు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు అతను, "ముందు ఆటో పిలవమ్మా."