లెజూష్‌లో చూసిన జంక్షన్

రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి ఈ పోస్టు. 2025 ఫిజిక్స్ నోబెల్ క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకి వచ్చినప్పుడు మా ఇంట్లోవాళ్ళు "అదేదో క్వాంటం అంటగా, నువ్వు చేసేది అదేగా" అని ఫోన్ చేశారు, అప్పుడన్నా రాయాల్సింది, బద్ధకం.

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఫ్రాన్స్‌లో లెజూష్ అనే ఊళ్ళో సమ్మర్ స్కూల్‌కి వెళ్ళా, నానో ఫిజిక్సూ క్వాంటం ఇన్ఫర్మేషనూ కలిపి చెప్తారు. ఊరి స్పెల్లింగ్ చూసి లెస్ హౌచెస్ అనుకుని బస్సు డ్రైవర్‌ని అలాగే అడిగా, పాపం ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. షమోనీ లోయలో, ఎదురుగా మోంబ్లాఁ మంచుకొండ, చెట్ల మధ్య చెక్క ఇళ్ళు, అదే స్కూలు. 1951లో సెసీల్ డెవిట్-మోరెట్ అనే ఆవిడ మొదలెట్టింది, అప్పటికి ఆవిడకి ముప్పై కూడా నిండలేదు. యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో కొత్త ఫిజిక్స్ చెప్పేవాళ్ళు కరువై, బయటి దేశాల పెద్దవాళ్ళని పిలిపించి ఎండాకాలం రెండు నెలలు పిల్లలకి పాఠాలు చెప్పించేదట. 1953లో అక్కడ స్టూడెంట్‌గా కూర్చున్న డి జెన్ 1991లో నోబెల్ కొట్టాడు. మేమూ అవే కొండలు చూశాం మరి, మాకింకా ఏం రాలేదు.

నాది థియరీ. జోసెఫ్సన్ జంక్షన్ (రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పల్చటి అడ్డుపొర, క్వాంటం చిప్పుల్లో వాడతారు) అంటే నాకు కాగితం మీద గీసే ఇంటూ మార్కు, అంతే. దాని మీద పేజీలకి పేజీలు లెక్కలు చేశా కానీ అసలు వస్తువు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు, చూడాలని కూడా అనిపించలేదు.

మూడో రోజు బయట నించుని ఫోన్లో అమ్మతో "చీజ్ తప్ప ఇంకేం పెట్టట్లేదే" అని మొత్తుకుంటుంటే వెనకనుంచి నవ్వు. గుంటూరు అమ్మాయి, నాకన్నా సీనియర్, నెదర్లాండ్స్‌లో ఎక్స్‌పెరిమెంట్ చేస్తుందట. అలా మొదలైన మాటల్లో నేను జంక్షన్ చూడలేదంటే "నిజంగానా తమ్ముడూ?" అని బ్యాగులోంచి అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. లోపల జిగురు జిగురుగా ఉన్న జెల్ మీద గోరంత సిలికాన్ ముక్క, ఎండలో అటూ ఇటూ తిప్పితే దాని మీద వెండి రంగులో సన్నగా ప్లస్ గుర్తు. అదీ క్యూబిట్, క్వాంటం కంప్యూటర్లో బిట్ లాంటిది. మామూలు కంటికే కనపడుతోంది! జంక్షన్ మాత్రం ఆ ప్లస్ కొసలో ఎక్కడో, రెండు అల్యూమినియం పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్, దానికి మైక్రోస్కోపు ఉండాల్సిందే. నేను వేలు పెట్టబోతే డబ్బా లాగేసుకుంది, "నీ వేలి స్టాటిక్ చాలు దాన్ని చంపడానికి, ఆల్రెడీ రెండు పోయాయి".

మరి ఇంత కనపడే వస్తువు పరమాణువులా ఎలా ప్రవర్తిస్తుంది అన్నా. తను పేపర్ నాప్కిన్ మీద లెక్క వేసింది. క్యూబిట్ 5 గిగాహెర్ట్జ్ దగ్గర మోగుతుంది అనుకో, ఆ ఎనర్జీని టెంపరేచర్‌లోకి మారిస్తే 0.24 కెల్విన్, అంటే అంతకన్నా బాగా చల్లగా లేకపోతే వేడే దాన్ని ఇష్టమొచ్చినట్టు పైకీ కిందకీ ఊపేస్తుంది, బ్యాండుమేళం మధ్యలో దోమ రొద వినమన్నట్టు. అందుకే హీలియం-3, హీలియం-4 కలిపి తిప్పే ఫ్రిజ్‌లో 20 మిల్లీకెల్విన్‌కి, అంటే దాదాపు మైనస్ 273 డిగ్రీలకి దించుతారు. ఈ సంఖ్యలన్నీ నాకు తెలుసు, పరీక్షలో రాశా కూడా, కానీ 5 గిగాహెర్ట్జ్ పక్కన 0.24 అని ఎప్పుడూ వేసుకోలేదు, సిగ్గేసింది. 1980ల్లో బర్క్‌లీలో ఆ నోబెల్ ముగ్గురు చేసిందీ ఇలాంటిదే, జంక్షన్ ఉన్న సర్క్యూట్‌ని బాగా చల్లబరిచి, దానికీ పరమాణువుకిలాగే మెట్లు మెట్లుగా ఎనర్జీ ఉందని చూపించడం. ఆ ముగ్గురిలో డెవొరే ఇదే లెజూష్‌లో సర్క్యూట్ల మీద చెప్పిన పాఠాల నోట్సు ఇప్పటికీ మా ల్యాబుల్లో అందరి దగ్గరా ఉంటుంది, కొత్తగా చేరినవాళ్ళకి ముందు అదే ఇస్తాం.

ఆ రాత్రి నా పోస్టర్‌లో ఇంటూ మార్కు పక్కన పెన్నుతో "20 mK" అని రాద్దామనుకుని, ఎందుకులే అని తెలుగులో "చలి" అని రాశా. ఆవిడ తప్ప ఎవరూ నవ్వలేదు.

మొన్న అమరావతిలో ఐబీఎం 156 క్యూబిట్ల మెషీన్ పెడతారని వార్త చూసి అమ్మ అడిగింది, వెళ్తే చూపిస్తారా అని. చూపించినా పెద్ద డబ్బా తప్ప ఏం కనపడదమ్మా, చిప్పు లోపలెక్కడో ఉంటుంది అన్నా.

"అయితే ఆ గుంటూరు పిల్లనే అడుగు, చక్కగా డబ్బాలో పెట్టి చూపించిందిగా."